ముందు గొట్టం చివరలు చూడండి

గుణుపురం నుంచి మీరు అడిగింది చదివాను. నీళ్ల సీసాల మీద ప్లాస్టిక్ కవర్‌ని వేడితో బిగించే ప్యాకింగ్ టన్నెల్‌లో కార్బన్ ఫైబర్ హీటర్ గొట్టాలు రెండు నెలలకే పోతున్నాయి, అమ్మినవాళ్లు తప్పంతా కరెంటు మీదికి తోసేస్తున్నారు, అంతే కదా?

కరెంటు తప్పు అసలు లేదనలేం. 230 వోల్టుల గొట్టానికి 250 వస్తే వేడి దాదాపు 18 శాతం పెరుగుతుంది. రాత్రి లోడు తగ్గాక వోల్టేజి పెరుగుతుంది, అప్పుడు ఒకసారి వోల్ట్ మీటర్ పెట్టి చూడండి.

నా అనుమానం మాత్రం గొట్టం చివరల మీదే. కార్బన్ పోగుకి వేడి మీద గాలి తగిలితే కాలిపోతుంది. అందుకే దాన్ని క్వార్ట్జ్ (వేడికి తట్టుకునే గాజు లాంటిది) గొట్టంలో గాలి లేకుండా మూసేస్తారు. కరెంటు లోపలికి వెళ్లేది చివర ఉన్న మాలిబ్డినం అనే లోహపు పల్చని రేకు గుండా. ఆ చోటు 350 డిగ్రీలు దాటితే రేకు తుప్పు పట్టి, సీలు పగిలి, గాలి దూరుతుంది. పర్లాకిమిడిలో మా మిషన్‌కీ ఇదే రోగం. చిన్న టన్నెల్ కదా అని గొట్టం మొత్తం లోపల ఇరికించేశారు! చివరలు గోడ బయటికి వచ్చేలా రంధ్రాలు వేయించి, అక్కడికి చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టాక గొట్టాలు నిలబడ్డాయి.

టెర్మినల్ వదులుగా ఉన్నా అక్కడే వేడెక్కుతుంది, బిగించండి. కొత్త గొట్టాన్ని ఉత్త చేత్తో పట్టుకోవద్దు. చెమటలోని ఉప్పు అంటిన చోట క్వార్ట్జ్ తెల్లబారి పెళుసవుతుంది. పొరపాటున ముట్టుకుంటే, స్పిరిట్‌తో తుడిచి బిగించండి.

పోయిన గొట్టం చివరల ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.