దసరాకు ఒసాకా: అప్పు లేకుండా, తిండికి లోటు లేకుండా

ప్రశ్న: మాది హైదరాబాద్. నేను ప్రైవేటు ఉద్యోగిని, నా భార్య ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలు. ఇద్దరికీ కలిపి నెలకు 1,35,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి రుణం ఈఎంఐ 38,000, ఇంటి ఖర్చులు 55,000, సిప్‌లు 15,000, రికరింగ్ డిపాజిట్ 10,000 పోతాయి. ఆ డిపాజిట్‌లో ఇప్పటికి 1,80,000 పోగయ్యాయి. అత్యవసరాలకని 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ వేరుగా ఉంది. మా పెళ్లయి పదేళ్లు నిండుతున్న సందర్భంగా వచ్చే నెలాఖరులో, చెర్రీ పూల కాలంలో, ఎనిమిది రోజులు జపాన్ వెళ్లాలనుకుంటున్నాం. టోక్యో, ఒసాకా రెండూ చూపించి, జేఆర్ పాస్‌తో (జపాన్ జేఆర్ రైళ్లలో నిర్ణీత రోజులపాటు తిరిగే టికెట్) సహా ఇద్దరికీ 4,80,000 అవుతుందని ట్రావెల్ ఏజెంటు చెప్పారు. నిజానికి మాకు ఎక్కువ ఆసక్తి ఒసాకా మీద, అక్కడి తిండి మీద, చుట్టుపక్కల గుళ్ల మీద. నా భార్య కోడిగుడ్డు తింటుంది గానీ చేప, మాంసం ముట్టదు. తక్కువపడిన 3 లక్షలకు 14 శాతం వడ్డీతో రెండేళ్ల వ్యక్తిగత రుణం తీసుకోవాలా, ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేయాలా?

జవాబు: రెండూ వద్దు. మీ ఖర్చులన్నీ పోగా నెలకు మిగిలేది 17,000 రూపాయలు. 3 లక్షల రుణానికి 14 శాతం వడ్డీ మీద రెండేళ్లపాటు కట్టవలసిన ఈఎంఐ దాదాపు 14,400. అంటే ఎనిమిది రోజుల ప్రయాణం కోసం రెండేళ్లపాటు మీ చేతిలో నెలకు 2,600 మాత్రమే మిగులుతుంది, వడ్డీ రూపంలో దాదాపు 45,700 పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. ఇక ఫిక్స్‌డ్ డిపాజిట్ సంగతి. ఇంటి ఖర్చులు, ఈఎంఐ కలిపితే నెలకు 93,000 అవుతాయి కాబట్టి మీరు దాచిన 4 లక్షలు నాలుగు నెలలకు కొంచెం పైగా సరిపోతాయి. ప్రైవేటు ఉద్యోగం ఉన్న ఇంట్లో ఆరు నెలల ఖర్చు ఉండాలని నేను చెబుతూ ఉంటాను. ఆ లెక్కన ఇది ఇప్పటికే తక్కువ, ఇందులోంచి తీయడమనే ఆలోచన మానుకోండి.

అలాగని ప్రయాణం మానుకోమని నేను చెప్పడం లేదు. దీన్ని దసరా సెలవులకు మార్చుకోండి, టోక్యోను వదిలేయండి. మార్చి నెలాఖరు, ఏప్రిల్ మొదటి వారం చెర్రీ పూల కాలం కావడంతో హోటల్ ధరలు ఏడాది మొత్తంలో ఎక్కువగా ఉండే రోజులవే, పైగా అప్పుడు మన బడులు నడుస్తూనే ఉంటాయి కాబట్టి మీ శ్రీమతి సెలవు కోసం ఇబ్బంది పడాలి. దసరాకు ఆ ఇబ్బంది లేదు. ఒసాకాకు దగ్గరలోని గుళ్ల నగరం క్యోటోలో, ఎర్రబడిన చెట్ల ఆకులను చూడవచ్చే జనం రద్దీ నవంబరు మధ్యలో గానీ మొదలవదు. ఇప్పటి నుంచి దసరాకు ఏడు నెలలు ఉంది. డిపాజిట్‌లో వేస్తున్న 10,000కు, మిగులుతున్న 17,000లోంచి మరో 6,000 కలిపితే ఏడు నెలల్లో 1,12,000 అవుతాయి. పాత మొత్తంతో కలిపి 2,92,000. ఈ డబ్బుతో ఒసాకా హాయిగా చూసి రావచ్చు.

ఏజెంటు చెప్పిన ధరను పెంచుతున్నది ముఖ్యంగా టోక్యో, జేఆర్ పాస్. ఏడు రోజుల సాధారణ పాస్ ధరను 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000కు పెంచారు. టోక్యో నుంచి ఒసాకాకు షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఒకవైపు ప్రయాణానికి సుమారు 14,000 యెన్లు చాలు కాబట్టి, రానూపోనూ వెళ్లినా పాస్ ధర గిట్టుబాటు కాదు. మీరు ఒసాకాలోనే బస చేస్తే దాని అవసరం ఇంకా తక్కువ. ఒసాకాకు చెందిన కన్సాయ్ విమానాశ్రయం నుంచి నగరంలోని నంబా ప్రాంతానికి వచ్చే నంకాయ్ రైలు టికెట్ 970 యెన్లు, అక్కడి నుంచి దగ్గరలోని పాత గుళ్ల ఊరు నారాకు కింటెట్సు రైలు 680, ఒసాకా స్టేషన్ నుంచి క్యోటోకు జేఆర్ మామూలు రైలు 580. వీటిలో మొదటి రెండూ ప్రైవేటు రైళ్లు. వాటిలోనూ, నగరంలోని మెట్రోలోనూ జేఆర్ పాస్ చెల్లదు. రెండుసార్లు క్యోటో, ఒకసారి నారా, విమానాశ్రయానికి రాకపోకలు, నాలుగు రోజుల మెట్రో అన్నీ కలిపినా మనిషికి 9,000 యెన్లు దాటవు. పాస్ కొంటే ఒక్కొక్కరికి 40,000 యెన్లకు పైగా వృథా అవుతుంది.

యెన్‌కు 60 పైసల చొప్పున నేను వేసిన లెక్క ఇది. మారకం ధర కొంత అటూ ఇటూ అయినా తట్టుకునేలా వేశాను. ఒక చోట ఆగి వెళ్లే విమానంలో ఇద్దరికీ రానూపోనూ 1,10,000, నంబా, ఉమెదా ప్రాంతాల్లోని బిజినెస్ హోటల్‌లో రాత్రికి 10,000 యెన్ల చొప్పున ఏడు రాత్రులకు 42,000, రైళ్లకు 10,800, తిండికి మనిషికి రోజుకు 5,000 యెన్ల చొప్పున ఏడు రోజులకు 42,000, ప్రవేశ రుసుములకు 12,000, వీసా, బీమా, మొబైల్ డేటాకు 10,000, కొనుగోళ్లకు 20,000. మొత్తం 2,46,800. దీనికి పది శాతం కలిపి 2,72,000 అనుకోండి. ఒసాకాలోని వినోద పార్కు యూనివర్సల్ స్టూడియోస్‌ను ఇందులో చేర్చలేదు. దాని టికెట్ ధర రోజును బట్టి మారుతుంది, వరుసలో నిలబడకుండా వెళ్లాలంటే కొనే ఎక్స్‌ప్రెస్ పాస్ రద్దీ రోజుల్లో టికెట్ కంటే ఖరీదైనది కావచ్చు. గుళ్లూ తిండీ కోరుకునే దంపతులకు అది అవసరమని నేను అనుకోను.

తిండికి మనిషికి 5,000 యెన్లు ఎక్కువని మీకు అనిపించవచ్చు, కానీ ఇక్కడ మాత్రం పొదుపు చేయవద్దని నా సలహా. ఒసాకాలోని డోటొన్‌బొరి కాలువ పక్కన తకోయాకి దుకాణాల్లో మన గుంతపొంగణాల పెనం లాంటి ఇనుప పెనం మీద పిండి పోసి, ఒక్కో గుంతలో ఆక్టోపస్ ముక్క వేసి, రెండు సన్నని ఊచలతో గిర్రున తిప్పుతూ ఉంటారు. ఎనిమిదింటికి 600 నుంచి 800 యెన్లు తీసుకుంటారు. షిన్‌సెకాయ్ పేటలో కుషికట్సు (పుల్లకు గుచ్చి నూనెలో వేయించిన మాంసం, కూర ముక్కలు) పుల్ల ఒక్కోటి 100 నుంచి 200 యెన్లు. ఉమ్మడి సాస్ గిన్నె పెడితే కొరికిన పుల్లను మళ్లీ అందులో ముంచకూడదన్నది అక్కడి కచ్చితమైన నియమం. మీకు ఇవన్నీ చవకగానే దొరుకుతాయి. ఖర్చు పెరిగేది మీ శ్రీమతి భోజనం దగ్గరే. పైకి శాకాహారంలా కనిపించే ఊడాన్ నూడుల్స్ పులుసులో, క్యాబేజీతో వేసే ఒకొనొమియాకి అట్టు పిండిలో కూడా ఎండబెట్టిన చేప పొరలతో కాచిన దాషి అనే రసం ఉంటుంది. తామర తూడు, వంకాయ పుల్లలు దొరికినా వాటిని మాంసం వేయించిన నూనెలోనే వేయిస్తారు. అందుకే ఆమెకు పూర్తి శాకాహార హోటళ్లు, భారతీయ హోటళ్లు, క్యోటోలో ఒకపూట బౌద్ధాలయాల సంప్రదాయపు శాకాహార షోజిన్ భోజనం ఏర్పాటు చేసుకోవాలి. ఇవి వీధి తిండి కంటే ఖరీదు. రోజువారీ మొత్తాన్ని 5,000గా పెట్టింది అందుకే. మంచి హోటళ్లలో మధ్యాహ్నపు భోజనం రాత్రి కంటే బాగా చవక కాబట్టి పెద్ద భోజనం పగటిపూట చేయండి. రాత్రికి డిపార్ట్‌మెంట్ స్టోర్ల నేలమాళిగలోని ఆహార విభాగాలకు వెళ్తే, మూసే వేళకు ముందు డబ్బాల మీద తగ్గింపు ధర స్టిక్కర్లు అంటిస్తూ ఉంటారు. అక్కడ ధర చీటీ మీద పెద్ద అంకె పన్ను లేనిది, కింద చిన్న అంకె పన్నుతో కలిపినది కావచ్చు. మీరు చెల్లించేది చిన్న అక్షరాల్లో ఉన్నదే. పట్టుకెళ్లే తిండికి వినియోగ పన్ను 8 శాతం, అక్కడే కూర్చుని తింటే 10 శాతం. టిప్పు ఇచ్చే ఆచారం లేదు గానీ, రాత్రిపూట మద్యంతో పాటు చిరుతిళ్లు పెట్టే ఇజాకయాల్లో అడగకుండానే ఒక చిన్న గిన్నెలో తినడానికి ఏదో తెచ్చిపెట్టి దానికి కొన్ని వందల యెన్లు బిల్లులో కలపడం మామూలే.

చూడదగిన వాటికి పెద్దగా ఖర్చు లేదు. క్యోటోలోని ఫుషిమి ఇనారి గుడి ఎర్ర తోరణాల దారికి, నారాలో జింకల తోటకు రుసుము లేదు. అదే తోట పక్కన తోదాయ్‌జీ మహాబుద్ధుణ్ణి చూడటానికి అయ్యేది కొన్ని వందల యెన్లే. ఒసాకా కోట లోపలి మ్యూజియం టికెట్‌ను 2025 ఏప్రిల్‌లో 600 నుంచి 1,200 యెన్లకు పెంచారు. పాతకాలపు జపాన్ పాలకుడు హిదెయోషి కట్టించిన కోట ఎప్పుడో పోయింది, ఇప్పుడున్న బురుజు 1931లో కాంక్రీటుతో కట్టినది. చరిత్ర మీద ఆసక్తి ఉంటేనే లోపలికి వెళ్లండి, లేకపోతే చుట్టూ ఉన్న తోటలో ఉచితంగా తిరగవచ్చు.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తుపాన్ల ముప్పు ఉంటుంది. 2018 సెప్టెంబరులో జెబీ తుపానుకు కన్సాయ్ విమానాశ్రయంలోకి సముద్రపు నీరు వచ్చి, దాన్ని తీరంతో కలిపే వంతెనను ఓడ ఢీకొనడంతో వేలాది ప్రయాణికులు అక్కడే చిక్కుకుపోయారు. విమానం రద్దయినా, ఆలస్యమైనా పరిహారం వచ్చే ప్రయాణ బీమా తీసుకోండి. నేను కలిపిన పది శాతం ఇలాంటి అవసరాలకే, దాన్ని బట్టల కొట్లో ఖర్చు చేసేయకండి.

చెల్లింపుల విషయానికి వస్తే, సాధారణ క్రెడిట్ కార్డులు విదేశీ వాడకానికి 3.5 శాతం రుసుము, దాని మీద జీఎస్టీ వేస్తాయి. మీరు అక్కడ ఖర్చు చేసే 1,27,000 మీద ఇదే ఐదు వేలు దాటుతుంది. ఆ రుసుము లేని కార్డు ఒకటి ముందే తీసుకోండి. దుకాణంలో యంత్రం రూపాయల్లో చెల్లిస్తారా, యెన్లలోనా అని అడిగితే యెన్లే ఎంచుకోండి, రూపాయల్లో చెల్లిస్తే మారకం ధర ఆ యంత్రం వాళ్లు నిర్ణయించినది అవుతుంది. చిన్న దుకాణాల్లో నగదే చెల్లుతుంది కాబట్టి సెవెన్ ఎలెవెన్ ఏటీఎంలో కొంత తీసుకుని ఉంచుకోండి. ప్యాకేజీయే కావాలనుకుంటే మాత్రం దాని మీద ఏజెంటు టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను) వసూలు చేస్తారు. అది మీ పాన్ ఖాతాలో జమై రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ, అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. అప్పుడు అమల్లో ఉన్న రేటు అడిగి తెలుసుకోండి.

వీసా దరఖాస్తుకు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతారు. ఉన్నట్టుండి ఖాతాలోకి రుణం మొత్తం వచ్చి పడటం కంటే, ఏడు నెలలపాటు క్రమంగా పెరిగిన నిల్వ అక్కడ మెరుగ్గా కనిపిస్తుంది. అదనపు 6,000కు ఈ నెల నుంచే కొత్త రికరింగ్ డిపాజిట్ తెరవండి, మే, జూన్ నెలల్లో పాత డిపాజిట్ డబ్బుతో విమాన టికెట్లు తీసుకోండి, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న హోటల్ గదిని మాత్రం దసరా సెలవుల తేదీలు ప్రకటించగానే పట్టుకోండి.