వాట్సాప్ కథ చెప్పే కొడుకు, రెండున్నర లక్షలు సిద్ధం చేసిన తండ్రి

ప్రశ్న: మా అబ్బాయి 2024లో బీటెక్ సీఎస్‌ఈ పూర్తి చేశాడు. 68 శాతం, బ్యాక్‌లాగ్‌లు లేవు. తొమ్మిది కంపెనీలు ఇంటర్వ్యూ దాకా పిలిచి వద్దన్నాయి. ఐదు నెలలుగా గదిలో కూర్చుని సొంతంగా చాటింగ్ యాప్ చేస్తున్నానంటాడు. గట్టిగా అడిగితే ‘వాట్సాప్ పెట్టినాయన్ని కూడా ఫేస్‌బుక్ వద్దంది నాన్నా’ అంటాడు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు రెండున్నర లక్షలు కడితే మూడేళ్ల అనుభవం చూపించి ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. మా తోడల్లుడి కొడుకు బెంగళూరులో ఎప్పుడో చేరిపోయాడు. అమీర్‌పేట కోర్సు, కన్సల్టెన్సీ, సొంత ప్రాజెక్టు... ఏది మేలో పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఆ రెండున్నర లక్షలు బ్యాంకులోనే ఉండనివ్వండి. దొంగ అనుభవంతో చేరినవాడు వెరిఫికేషన్‌లో పీఎఫ్ వివరాలు అడిగిన రోజు దొరికిపోతాడు. దాన్ని మిగతా రెండింటితో పోల్చే పనే లేదు.

ఇలాంటి ఉత్తరాలు నాకు వారానికి రెండు మూడు వస్తాయి. అన్నింట్లోనూ ఎవరో ఒక తోడల్లుడి కొడుకు ఉంటాడు. ఏమీ అనుకోకండి, తొమ్మిది చోట్ల వద్దనిపించుకుని వచ్చిన పిల్లాడికి పదో ఇంటర్వ్యూ రోజూ అన్నం దగ్గర మీరే చేస్తున్నారు. వాడు తలుపు వేసుకునేది సగం యాప్ కోసం, సగం మీ ప్రశ్న తప్పించుకోవడానికి. ముందు ఆ తోడల్లుడి కొడుకు పేరు ఇంట్లో ఎత్తడం మానండి. 68 శాతంతో, బ్యాక్‌లాగ్ లేకుండా, తొమ్మిదిసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్లినవాడు పనికిరానివాడు కాడు. నిజానికి చాలామందికి ఆ పిలుపే రావడం లేదు.

ఇక మీవాడు చెప్పే కథ. వాట్సాప్ పెట్టిన ఇద్దరిలో ఒకరైన బ్రయాన్ ఆక్టన్‌ను 2009లో ఫేస్‌బుక్ ఉద్యోగానికి వద్దనడం, 2014లో అదే ఫేస్‌బుక్ 19 బిలియన్ డాలర్లకు వాట్సాప్‌ను కొనడం రెండూ నిజమే. మధ్యలో ఒక ముక్క మీవాడు మింగేశాడు. ఆక్టన్ అప్పటికే యాహూలో దాదాపు 11 ఏళ్లు పనిచేసి వచ్చాడు. ఆయన భాగస్వామి జాన్ కూమ్‌దీ యాహూ అనుభవమే. ఉద్యోగం రాలేదు కాబట్టి కంపెనీ పెట్టేస్తా అనే మాట ఇప్పుడు ఫ్యాషనైపోయింది, నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. పైగా చాటింగ్ యాప్! మీ ఇంటిల్లిపాదీ వాట్సాప్ వదిలి అందులోకి వస్తారా?

కానీ ప్రాజెక్టు మాన్పించకండి. చేసే వస్తువు మార్పించండి. నా దగ్గరకు వచ్చిన ఒకమ్మాయి వాళ్ల పెదనాన్న షామియానా షాపుకు లెక్కల యాప్ చేసింది. 300 కుర్చీలు వెళితే 287 తిరిగొస్తాయి, ఆ పదమూడూ ఏ పెళ్లిలో ఉండిపోయాయో నోట్‌బుక్‌లో దొరకదు. మొదటిసారి చేసింది ఆయన తెరిచి కూడా చూడలేదు, టైపు చేయడం విసుగు. కుర్చీ, గుండిగ, జంపఖానా అని పెద్ద పెద్ద బొమ్మలు పెడితే అప్పుడు వాడాడు. తర్వాత ఒక ముహూర్తం రోజున ఆయన ఒక ఫోన్లో, పనికుర్రాడు సిగ్నల్ లేని ఫంక్షన్ హాల్ నుంచి ఇంకో ఫోన్లో, అవే 200 కుర్చీలు ఇద్దరికి ఒప్పేసుకున్నారు. పెదనాన్న తిట్లు తిని, సర్వర్ ఖాయం చేసేదాకా బుకింగ్ పెండింగ్‌లో ఉండేలా మార్చింది. ఇంటర్వ్యూలో సగం సేపు ఆ ఒక్క గొడవ గురించే అడిగారట. నెలకు పాతికవేలు, చిన్న కంపెనీ. ఒకటి దాచకుండా చెప్పాలి, ఆ ఇంటర్వ్యూకి పిలుపు తెచ్చింది మాత్రం సీనియర్ ఇచ్చిన రిఫరల్, అంటే సిఫారసు.

అందుకే మీవాడు పొద్దున పూట దరఖాస్తులు, రిఫరల్స్ చూసుకోవాలి, ప్రాజెక్టు మధ్యాహ్నం నుంచి. ఎస్‌క్యూఎల్, జావా లాంటి కోడింగ్ భాషల్లో నిజంగా తడబడుతుంటే అమీర్‌పేటలో ఒక చిన్న కోర్సు చేయనివ్వండి, సర్టిఫికెట్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఆరు నెలల గడువు మీరిద్దరూ కూర్చుని పెట్టుకోండి.

యాప్ తయారయ్యాక ప్లేస్టోర్‌లో పెట్టడానికి ఒకేసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా సొంత పేరు మీద ఖాతా తెరిచినవాళ్లు 12 మందితో వరసగా 14 రోజులు పరీక్ష కూడా చేయించాలి. ఆ పన్నెండు ఫోన్లలో మొదటిది మీది ఇవ్వండి. తక్కువైతే తోడల్లుడి గారినీ అడగండి.