ఇంట్లో బూజు (ఫంగస్) పరీక్షించే కిట్లను నమ్మొచ్చా?

పెద్దగా నమ్మలేం, ప్లేటు పెట్టి చూసే కిట్ "బూజు ఉంది" అంటుంది గానీ ఎంత ఉందో, ఎక్కడుందో, ప్రమాదమో కాదో చెప్పలేదు.

బూజు సిద్ధబీజాలు (బూజు మొలకెత్తే సూక్ష్మ కణాలు) లేని గాలి దాదాపు ఉండదు. కిట్‌లోని ప్లేటులో పోషకాలు కలిపిన జెల్లీ ఉంటుంది. కాసేపు మూత తీసి, మళ్లీ మూసి కొన్ని రోజులు ఉంచితే దాని మీద పడ్డవి మొలిచి మచ్చలు కడతాయి. అవి ఎంత గాలిలోంచి పడ్డాయో లెక్క లేదు. కొన్ని రకాలైతే ఆ జెల్లీ మీద పెరగనే పెరగవు. పైగా ఇంటి గాలిలో ఇంతకు మించితే ప్రమాదం అనే ప్రామాణిక హద్దే లేదు.

శ్రీకాకుళంలో అక్టోబరు తుపాను వానలకు ఓ ఇంటి గోడ చెమ్మగిల్లిందనుకోండి. కిటికీ తెరిచిన హాల్లో ప్లేటు పెడితే పెరట్లోని వరిగడ్డి కుప్ప నుంచి వచ్చిన బీజాలతోనే నిండిపోవచ్చు. తలుపులేసిన పడగ్గదిలో పెడితే, బీరువా వెనక గోడంతా బూజు పట్టి ఉన్నా ప్లేటు శుభ్రంగానే కనిపించొచ్చు. టెన్షనూ తప్పే, ధీమా కూడా తప్పే.

నల్లగా ఉంటే విషపు బూజే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. రంగును బట్టి రకం తేలదు. రకం ఏదైనా చేయాల్సింది ఒకటే: కారే పైపో, డాబా పగులో చూసి బాగుచేయించి, గోడ ఆరాక బూజు తుడిచేయడం. కంటికి కనిపిస్తుంటే సాధారణంగా పరీక్షే అక్కర్లేదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా చెబుతుంది.