డార్క్‌రూమ్‌లో మనసుకు నిజంగా నిమ్మళం దొరుకుతుందా?

ఆఫీసు నుంచి ఇంటికొచ్చినా టెన్షన్ దిగడం లేదు, ధ్యానానికి కూర్చుంటే ఆలోచనలు ఇంకా ముసురుకుంటున్నాయి, ఫిల్మ్ ఫోటోలు సొంతంగా కడుక్కుంటే మనసు కుదుటపడుతుందని ఒకరు చెప్పారు, హైదరాబాద్ ఫ్లాట్‌లో అది అయ్యే పనేనా అని అడిగారు. అయ్యే పనేనండి. పద్మారావు నగర్‌లో మేముండే చిన్న ఫ్లాట్‌లో ఆరేళ్ళుగా రాత్రి తొమ్మిది దాటాక బాత్రూమే నా డార్క్‌రూమ్. వెంటిలేటర్‌కి నల్ల చార్టు, తలుపు కింద పాత దుప్పటి, వాషింగ్ మెషీన్ మీద చెక్క వేసి దాని మీద నెగటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్లార్జర్. అంతే.

ధ్యానం నాకూ కుదరలేదు. మనసు ఎటో వెళ్ళిపోయేది, వెళ్ళిందని అరగంట తర్వాత గానీ తెలిసేది కాదు. రీలు కడిగేటప్పుడు అలా జరగదు. ఎందుకో చెప్తాను.

నేను వాడేది ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్, దాని మీద బొమ్మ తేల్చే మందు డీ-76 డెవలపర్. డెవలపర్‌లో సగానికి సగం నీళ్ళు కలిపితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు పడుతుంది. ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్లలో ట్యాంకును (ఫిల్మ్, మందు ఉండే, వెలుతురు చొరని డబ్బా) నాలుగుసార్లు తిరగేసి నిలబెట్టాలి. మిగిలిన యాభై సెకన్లు చేయడానికి పనేమీ ఉండదు. ఆ యాభై సెకన్లే నాకు చాలా ఇష్టం. మనసు మేనేజర్ దగ్గరికో, ఈఎమ్ఐ దగ్గరికో వెళ్తుంది, వెళ్ళనివ్వండి. గడియారంలో ముల్లు పన్నెండు దగ్గరికి రాగానే చేతులు ట్యాంకు అందుకోవాలి, మనసు వెనక్కి రాక తప్పదు. ఇలా పదకొండుసార్లు. ధ్యానంలో నన్ను వెనక్కి పిలిచేవాళ్ళు లేరు, ఇక్కడ పనే పిలుస్తుంది.

దానికంటే ముందు ఫిల్మ్ చుట్టడం ఉంది. కొత్తవాళ్ళు భయపడేది ఇక్కడే. డబ్బాలోంచి ఫిల్మ్ తీసి, స్పైరల్‌కి (ఫిల్మ్ చుట్టుకునే గాడుల చట్రం) ఎక్కించి, ట్యాంకులో పెట్టి మూత బిగించేదాకా చిమ్మచీకటి ఉండాలి. ఎర్ర బల్బు కూడా వద్దు, ఈ ఫిల్మ్ ఎర్ర వెలుతురును కూడా పట్టేస్తుంది. నాకు నేర్పిన పెద్దాయన ఒకప్పుడు చిక్కడపల్లిలో స్టూడియో నడిపారు. ఊటీలో తయారైన 'ఇందు' ఫోటో పేపర్ మీద వేలకొద్దీ పాస్‌పోర్ట్ ఫోటోలు వేసిన చేతులు ఆయనవి. "వేళ్ళకి కళ్ళొచ్చేదాకా పాత రీలుతో చుట్టు" అన్నారు. నేను వారం చుట్టి చాలనుకున్నాను. మా అక్క సీమంతం రోలుకి వచ్చేసరికి ఉక్కపోతకి చేతులు చెమట పట్టాయి, ఫిల్మ్ మధ్యలో బిగుసుకుంది, నేను నెట్టాను. పొర మీద పొర అతుక్కుపోయిన చోట మందు తగల్లేదు. 36 ఫోటోల్లో 11 పోయాయి. అమ్మ అక్కకి గాజులు తొడుగుతున్నది కూడా అందులోనే ఉంది. ఇప్పటికీ తలచుకుంటే బాధగానే ఉంటుంది. ఆ తర్వాత నాకో అలవాటు వచ్చింది. ఫిల్మ్ ఎక్కడ బిగిసినా అక్కడే ఆగి, దాన్ని ట్యాంకులో వదిలి మూత పెట్టేస్తాను. బయటికొచ్చి చేతులు తుడుచుకుని, ఫ్యాన్ కింద ఐదు నిమిషాలు కూర్చుని మళ్ళీ వెళ్తాను. ఈ అలవాటు మెల్లగా ఆఫీసులోకి కూడా వచ్చింది. మెయిల్ చదివి ఒళ్ళు మండినప్పుడు వెంటనే జవాబు రాయడం లేదు.

మన ఊళ్ళో అసలు చిక్కు నీళ్ళతో. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. డెవలపర్ వేడెక్కితే పని తొందరగా అయిపోయి నెగటివ్ మరీ ముదిరిపోతుంది. అందుకే బకెట్‌లో ఐస్ వేసి, సీసాలు అందులో నిలబెట్టి, థర్మామీటర్ చూస్తూ 20కి దిగేదాకా కూర్చుంటాను. అలా కూర్చున్నప్పుడు రాజా దీనదయాళ్ (1844–1905) గుర్తొస్తారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్నారు. ఇవే ఎండల్లో, ఫ్రిజ్ లేని రోజుల్లో, అంతంత గాజు పలకలు ఆయన ఎలా కడిగించారో అని అబ్బురపడతాను. ఇంకొకటి, చివరి కడుగు బోరు నీళ్ళతో వద్దు. ఆరాక ఫిల్మ్ మీద తెల్లమచ్చలు తేలతాయి. ఫిల్టర్ నీళ్ళు వాడండి.

ఇక ప్రింటు వేయడం. దీన్లో ఉన్నది నిమ్మళం కంటే ఆనందమే. ఫోటో వేసే బ్రోమైడ్ పేపర్‌కి ఎరుపు కనిపించదు, అందుకే ఎర్ర బల్బు వెలిగించుకోవచ్చు. ఫోన్ మాత్రం వెలిగిందంటే పేపర్ పాడవుతుంది, కాబట్టి అది ఫ్రిజ్ మీదే ఉంటుంది. ఫోన్ చూడకూడదని నిగ్రహించుకోవాల్సిన పనే లేదు, అక్కడ దానికి చోటే లేదు.

మా సందు చివర వేపచెట్టు కింద ఇస్త్రీ బండి అతని ఫోటో ఒకటి తీశాను. ముఖం చెట్టునీడలో, చేతి కింది తెల్లచొక్కా ఎండలో. పేపర్‌కి ఎంత వెలుతురిస్తే అంత నల్లబడుతుంది. ఎనిమిది సెకన్లు వెలుతురిస్తే ముఖం బాగుంది, చొక్కా ఉత్త తెల్లకాగితమైంది. పన్నెండిస్తే చొక్కా మడతలు వచ్చాయి, ముఖం నల్లబడింది. చివరికి పన్నెండు సెకన్లిస్తూ, అందులో నాలుగు సెకన్లు ముఖం మీద పడే వెలుతురుకి చిన్న అట్టముక్క అడ్డంపెట్టి ఆడిస్తూ ఉన్నాను. ఐదో కాగితానికి కుదిరింది. డెవలపర్ ట్రేలో వేశాక పది పదిహేను సెకన్లు ఏమీ ఉండదు. తర్వాత ముందుగా చెట్టు మొద్దు, ఆ వెనకే ఇస్త్రీపెట్టె, చివరగా చొక్కా మడతలు. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో నేను ఊపిరి బిగబట్టే చూస్తాను.

పొద్దున్నే తీసుకెళ్ళి ఇస్తే అతను తన ముఖం చూసుకోలేదు. వేలు పెట్టి పెట్టె చూపించి "ఇది మా నాయనది, పిడి మార్చినం" అన్నాడు. ఆ పిడి కొత్తదని నాకు అప్పటిదాకా తెలియదు. రాత్రంతా దాన్నే చూస్తూ ఉన్నాను కదా!

మొదలుపెట్టాలంటే ఎన్లార్జర్ కోసం ఆగకండి. ట్యాంకు, థర్మామీటర్, డెవలపర్, ఆ తర్వాత బొమ్మ చెడకుండా నిలిపే హైపో చాలు. నెగటివ్‌లను పేపర్ మీద పరిచి, పైన గాజుపలక పెట్టి, చిన్న బల్బు కొన్ని సెకన్లు వెలిగించి, ఆ పేపర్‌ని కడిగితే నెగటివ్ సైజులోనే ఫోటో, అంటే కాంటాక్ట్ ప్రింటు, వచ్చేస్తుంది. గ్లవ్స్ వేసుకోండి, కొందరికి డెవలపర్ పడక చర్మం దురదపెడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపకండి. ఈ మందులకి వంటింటి గిన్నెలు వాడకండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. వారాల తరబడి నిద్ర పట్టకపోతున్నా, ఏ పనీ చేయబుద్ధి కాకపోతున్నా ముందు డాక్టర్‌ని కలవండి. డార్క్‌రూమ్ ఆ తర్వాత.

మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఫోటోల ప్రదర్శన ఎప్పుడైనా పడితే వెళ్ళి, కాగితం మీద ఫోటోని దగ్గర నుంచి చూసి రండి. ఈలోపు పాత రీలు ఒకటి సంపాదించి కళ్ళు మూసుకుని చుట్టడం మొదలుపెట్టండి. దొరక్కపోతే చెప్పండి, నా దగ్గర పాడైనవి నాలుగున్నాయి, రెండు మీకిస్తాను.