ఫైబర్ మీద రాస్తున్న తమ్ముడికి

నల్గొండ

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. డిప్లొమా చదువుతూ గాజుపోగుల కాంపోజిట్ల మీద, అంటే పోగుల్ని జిగురుతో అంటించి చేసే పదార్థాల మీద, తెలుగులో రాయాలని కూర్చున్నావు, అదే నాకు సంతోషం. పొగడ్త ఇక్కడితో ఆపుతాను, పని చాలా ఉంది.

‘ఉక్కును ఓడించిన గాజు’ అని శీర్షిక పెట్టావు. మొదటి పేరాలోనే ‘ఉక్కు కన్నా రెండింతల బలం, నాలుగో వంతు బరువు, తుప్పు పట్టదు, వందేళ్లు ఉంటుంది’ అని రాశావు. బరువు మాట, తుప్పు మాట నిజం. బలం మాట సగమే నిజం. వందేళ్ల మాట నీకెవరు చెప్పారు? అమ్మేవాళ్ల కరపత్రంలో చూసి ఉంటావు. ఈ పదార్థం గురించి నువ్వు ఏ అంకె రాసినా దాని పక్కన మూడు సంగతులుండాలి: ఏ దిక్కున లాగితే, ఎంత వేడిలో, ఎంతకాలం తర్వాత. అవి లేని అంకె ప్రకటన బోర్డుకు సరిపోతుంది. చదివేవాడికి దానివల్ల ఏమీ తెలియదు.

ముందు బలం సంగతి చూద్దాం. కాంక్రీట్‌లో వేసే గాజుపోగుల రాడ్డును తెగేదాకా లాగితే సుమారు 600 నుంచి 1200 మెగాపాస్కల్ (చదరపు మిల్లీమీటరు మీద ఎంత బలం పడుతుందో చెప్పే కొలత) దాకా ఓర్చుకుంటుంది. మన ఇళ్లకు వాడే ఎఫ్‌ఈ 500 స్టీలు 500 దగ్గరే మళ్లీ వెనక్కి రాకుండా సాగడం మొదలుపెడుతుంది. ఇక్కడిదాకా గాజుదే పైచేయి. మరి బిగువు, అంటే లాగినా సాగకుండా నిలిచే గుణం? స్టీలుకు యంగ్స్ మాడ్యులస్, అంటే ఆ బిగువు కొలత, 200 గిగాపాస్కల్ (ఒక్కోటి వెయ్యి మెగాపాస్కల్), ఈ రాడ్డుకు 40 నుంచి 60. అంత మందం, అంత బరువే మోపితే ఇది మూడు నుంచి అయిదింతలు సాగుతుంది. స్లాబు మరింత కిందికి వంగుతుంది, పగుళ్లు మరింత తెరుచుకుంటాయి. అందుకే ఈ రాడ్లతో డిజైన్ చేసే ఇంజనీరుకు తెగిపోతుందన్న భయం కన్నా వంపు, పగుళ్ల టెన్షనే ఎక్కువ. పైగా స్టీలు తెగే ముందు సాగి, వంగి హెచ్చరిస్తుంది. గాజుపోగుల రాడ్డు చివరిదాకా బరువుకు తగ్గట్టే సాగి, ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా తెగుతుంది. ఇది నీ వ్యాసంలో ఒక్క వాక్యంగా కూడా లేదు.

సెంట్రింగ్ పని చేసే మేస్త్రీని అడిగి చూడు. స్తంభంలో రాడ్ల చుట్టూ కట్టే రింగులు ఎలా వంచుతావంటే సైటులోనే వంచి చూపిస్తాడు. గాజుపోగుల రాడ్డును అలా వంచలేడు. పోగుల్ని అంటించే రెసిన్ అనే జిగురు గట్టిపడక ముందే, ఫ్యాక్టరీలోనే దానికి ఆ వంపు రావాలి. వచ్చినా, వంపు దగ్గర దాని బలం తిన్నటి భాగమంత ఉండదు. ఇలాంటి వివరం ఒక్కటి ఉంటే మన పాలమూరు నుంచి హైదరాబాద్ అడ్డాలకు వెళ్లి కట్టుబడి పని చేసేవాళ్లు కూడా నీ వ్యాసం చదువుతారు.

గాజుకు ఇంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో నువ్వు చెప్పనే లేదు. కిటికీ అద్దం రాయి తగిలితే పగులుతుంది కదా, అదే గాజు పోగుగా మారితే ఎందుకు అంత ఓర్చుకుంటుంది? పాఠకుడికి మొట్టమొదట వచ్చే ప్రశ్న ఇది. దీనికి జవాబు వెతికినవాడు గ్రిఫిత్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు. 1921లో అచ్చయిన ఆయన పత్రంలో ఒక పట్టిక ఉంది. మిల్లీమీటరు మందం గాజు కడ్డీ సుమారు 170 మెగాపాస్కల్ దగ్గర తెగింది. దాన్నే సాగదీసి మిల్లీమీటరులో మూడు వందలో వంతు మందానికి తెస్తే 3400 దాకా ఓర్చుకుంది. గాజు మారలేదు, ఇరవై రెట్ల బలం వచ్చింది. లావు గాజులో కంటికి కనిపించని గీతలు, చీలికలు ఉంటాయి. లాగినప్పుడు ఆ లాగుడంతా వాటి మొనల దగ్గర కూడుతుంది. పోగు సన్నబడేకొద్దీ పెద్ద చీలికకు అందులో చోటుండదు. ఈ కథకు ఒక పేజీ ఇవ్వు, తొందరపడకు. ఇది తెలిసినవాడికి మిగతాది సులువుగా అర్థమవుతుంది: అలాంటి పోగులు వేలకువేలు పక్కపక్కన పెట్టి రెసిన్‌తో అంటిస్తే, ఒకటి తెగినా దాని భారాన్ని రెసిన్ పక్క పోగులకు అందిస్తుంది. అదే రెసిన్ పోగుల మీద గీతలు పడకుండా కూడా కాపాడుతుంది.

ఇక దిక్కు. నీకు దగ్గర్లోనే పోచంపల్లి ఉంది, అటు గద్వాల, నారాయణపేట ఉన్నాయి. మగ్గం ముందు కూర్చున్నవాడికి పడుగు, పేక గురించి నువ్వేమీ చెప్పనక్కర్లేదు. కాంపోజిట్లలో వాడే గాజుబట్ట కూడా అలా నేసిందే. అక్కడి నుంచి మొదలుపెట్టి లెక్కలోకి దిగు. ఘనపరిమాణంలో నూటికి అరవై పాళ్లు గాజుపోగు, నలభై పాళ్లు ఎపాక్సీ అనే రెసిన్, పోగులన్నీ ఒకే దిక్కున. గాజు మాడ్యులస్ 72, ఎపాక్సీది 3 అనుకుంటే, పోగు వెంబడి లాగినప్పుడు సుమారు 44 గిగాపాస్కల్ వస్తుంది. అడ్డంగా లాగితే ఏడు చిల్లర. ఒకే పలక, ఒకే రోజు తయారైంది, తిప్పి లాగితే ఆరో వంతు. తెగే బలంలోనైతే తేడా ఇంకా దారుణం, అడ్డంగా లాగితే మిగిలేది చాలా తక్కువ. పోగు వెంబడే అయినా నొక్కితే లాగినంత ఓర్చదు, పోగులు మెలిక తిరుగుతాయి. నేసిన బట్టలోనూ పోగు పైకీ కిందికీ వంకర తిరుగుతుంది కాబట్టి కొంత బిగువు పోతుంది. అందుకే ‘కాంపోజిట్ బలం ఇంత’ అని ఒకే అంకె రాసినవాడిని నేను నమ్మను.

బోయింగ్ 787 బరువులో సగం కాంపోజిట్లే అని రాసి, ఆ వెంటనే ఇంటి బాత్‌రూమ్ ఫైబర్ తలుపు గురించి రాశావు. ఈ రెండింటికీ చుట్టరికం ఉంది, పోలిక మాత్రం లేదు. విమానంలో కార్బన్ పోగు అరవై శాతం దాకా ఉంటుంది, వేడి, ఒత్తిడి మధ్య ఉడుకుతుంది. మన దగ్గర షెడ్డులో గాజుపోగుల చాప పరిచి, బ్రష్షుతో రెసిన్ పూసి, రోలర్ తిప్పి చేసే వస్తువులో పోగు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. గాలి బుడగలు అదనం. దీని అంకెలు దానికి అంటించకు.

అబ్దుల్ కలాం గారి కాలిపర్ల (నడవలేని పిల్లల కాళ్లకు కట్టే ఊతాల) సంగతి చివర్లో ఇరికించావు, ముందుకు తీసుకురా. హైదరాబాద్ నిమ్స్‌లో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లతో కాళ్లీడ్చడం చూసి, 300 గ్రాముల కాంపోజిట్ కాలిపర్లు చేయించారు. బరువుతో భాగించి చూసుకున్న బలం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు నీకు దొరకదు.

ఇప్పుడు నీ వందేళ్లు. మిర్యాలగూడ రైస్‌మిల్లు షెడ్లకో, పాత బస్‌షెల్టర్‌కో వెలుతురు కోసం వేసిన ఫైబర్ రేకుల్ని చూడు. కొత్తలో పాలలా ఉన్నది కొన్ని ఎండాకాలాలకు పసుపెక్కుతుంది, తర్వాత పైన గరుకుగా పోగులు లేస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొర రెసిన్‌ను తినేస్తే గాజుపోగు బయటపడుతుంది. రేకు తుప్పు పట్టలేదు, నిజమే. ముసలిదైంది. మంచి పైపూత ఉంటే ఇది చాలా నెమ్మదిస్తుంది, అదీ రాయి.

ఎండ కంటికి కనిపించే శత్రువు, మిగతావి కనిపించవు. రెసిన్ నీటిని కొద్దికొద్దిగా పీల్చి మెత్తబడుతుంది. గాజుకూ రెసిన్‌కూ మధ్య అతుకు వదులవుతుంది. కాంక్రీట్ లోపల పీహెచ్ 12, 13 దాకా ఉంటుంది, ఆ క్షారం గాజును కొరుకుతుంది. ఇక వేడి. స్తంభాలకు, బీములకు బలం కోసం కార్బన్ పట్టీలు అంటించే ఎపాక్సీ మామూలు గది వేడిలో గట్టిపడిన రకమైతే, 60 నుంచి 80 డిగ్రీల మధ్య మెత్తబడడం మొదలవుతుంది. మన దగ్గర మే నెలలో నీడలోనే 44, 45 చూస్తాం. ఎండకు నల్లటి ఉపరితలం 60 దాటడం వింతేమీ కాదు.

అన్నిటికన్నా ఎక్కువ చోటు ఇవ్వాల్సింది ఎప్పుడూ ఉండే భారానికి. గాజుపోగుల రాడ్డు మీద బరువు వేసి అలాగే వదిలేస్తే, ఆ బరువు తెగే బలం కన్నా తక్కువే అయినా, కొన్నేళ్లకు తెగవచ్చు. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ 2015 మార్గదర్శి లెక్క చూడు. తయారీదారు 1000 మెగాపాస్కల్ హామీ ఇస్తే, ఎండావానకు ఉండే కట్టడంలో దాన్ని ముందు 700గా తీసుకోమంటుంది. అందులో ఎప్పుడూ మోయించే భారానికి 20 శాతమే అనుమతి, అంటే 140. కార్బన్‌కైతే 55 శాతం. అదే సంస్థ 2022లో తెచ్చిన కోడ్ (కట్టడాల నియమావళి) గాజు విషయంలో కాస్త సడలించింది. కరపత్రంలో వెయ్యి, ఇంజనీరు లెక్కలో నూట నలభై: నీ శీర్షిక ఇక్కడుంది.

అలాగని భయపెట్టే వ్యాసమూ రాయకు. కెనడాలో అయిదు నుంచి ఎనిమిదేళ్లు వాడకంలో ఉన్న వంతెనలు, రేవు కట్టడాల నుంచి కాంక్రీట్ ముక్కలు కోసి చూస్తే, లోపలి గాజు రాడ్లు చెక్కుచెదరలేదు. ల్యాబుల్లో వేడి క్షార ద్రావణంలో ముంచి చేసే పరీక్షలు చూసి అంతకన్నా పాడై ఉంటాయనుకున్నారు. ఎనిమిదేళ్లు బాగుందంటే ఎనిమిదేళ్లు బాగుందని రాయి. దాన్ని వందకు సాగదీయకు.

ఒక పేరా మాత్రం పూర్తిగా కొట్టేయాలి. ‘మన నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడ్ గాజును తినేస్తుంది, అందుకే ఆర్‌ఓ ప్లాంట్ల ఫైబర్ వెసెళ్లు త్వరగా పాడవుతాయి’ అని రాశావు. చదవడానికి బాగుంది, కానీ తప్పు. గాజును తినేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితేనే తాగకూడదంటాం. అంతకు కొన్ని రెట్లున్నా మన బోరు నీళ్లు ఆమ్లం కావు, చాలాచోట్ల కొద్దిగా క్షారం వైపే ఉంటాయి. అందులో ఫ్లోరైడ్ గాజును కొరికే రూపంలో ఉండదు. పైగా ఆ వెసెల్, అంటే ఒత్తిడితో నీళ్లు నడిచే ఆ ఫైబర్ గొట్టం, లోపల ప్లాస్టిక్ పొరో రెసిన్ పొరో ఉంటుంది, గాజుపోగు దాని మీద చుట్టిందే. నీళ్లు గాజును తాకవు. ఈ జిల్లా మనుషుల ఎముకల్లో ఉన్న బాధను వ్యాసానికి అలంకారంగా తేవద్దు. మర్రిగూడలోనో మునుగోడులోనో ఎవరైనా చదివితే బాధపడతారు.

అదే వెసెల్ దగ్గర నీకు పనికొచ్చేది వేరే ఉంది. రంగు వేయనిదైతే దగ్గరగా చూడు, పోగులు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి దాటుతుంటాయి. ఒత్తిడి ఉన్న గొట్టంలో చుట్టూ పడే లాగుడు పొడవునా పడేదానికి రెట్టింపు. పోగు ఒక్కటే రెండింటినీ మోయాలంటే గొట్టం పొడవుతో సుమారు 55 డిగ్రీల కోణంలో చుట్టాలి. ఫైబర్ పైపుల్లో ఈ కోణం తరచూ కనిపించేది అందుకే. దిక్కు గురించి నువ్వు రాసే భాగాన్ని ఊళ్లో నీళ్ల ప్లాంటు ముందు నిలబడి మొదలుపెట్టవచ్చు.

తిరగరాసి పంపు. పొడుగు తగ్గించాల్సి వస్తే విమానాన్ని తీసెయ్, రేకును ఉంచు. పాత రేకు ముక్క తెచ్చి ఫొటో తీస్తానంటే చేతికి గుడ్డ చుట్టుకో. ఆ పోగులు గుచ్చుకుంటే దురద ఒక పట్టాన వదలదు.

నీ అన్న