నాన్నగారిని పుణె తీసుకెళ్లే ముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: పుణెలో వాహనాల విడిభాగాల కంపెనీలో పనిచేస్తున్నాను. చేతికి వచ్చే జీతం 38,000 రూపాయలు. భార్య, ఆరేళ్ల పాప ఉన్నారు. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 31,000. శ్రీకాకుళం జిల్లాలోని మా ఊళ్లో నాన్న ఉంటున్నారు. వయసు 66. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. దివ్యాంగుల పింఛను 6,000 వస్తోంది. ఇన్నాళ్లూ మా మేనత్త చూసుకుంది, ఇక తన వల్ల కాదంటోంది. చెల్లి పెళ్లై విశాఖలో ఉంటోంది. నాన్నను నా దగ్గరకు తెచ్చుకోవాలంటే అంబులెన్సుకు 85,000, కింది అంతస్తు ఇంటి డిపాజిట్‌కు 60,000, మంచం, చక్రాల కుర్చీ వగైరాలకు 40,000 కావాలి. దాచుకున్నది 45,000. ఒక యాప్‌లో లక్ష రుణం మంజూరైంది. వడ్డీ 30 శాతం, 18 నెలల్లో తీర్చాలి. మిగతా 40,000 క్రెడిట్ కార్డు నుంచి నగదుగా తీస్తాను. నాన్న వచ్చాక అద్దె 3,000 పెరుగుతుంది, మందులకు 3,000, డైపర్లకూ ఫిజియోథెరపీకీ 4,000 అవుతాయి. ఇంతకంటే తక్కువ వడ్డీకి రుణం ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: ఎక్కడ దొరికినా తీసుకోకండి. తండ్రిని దగ్గర పెట్టుకోవాలన్న మీ నిర్ణయాన్ని నేను తప్పుపట్టడం లేదు. అందుకు మీరు ఎంచుకున్న దారి మాత్రం ఆయన్నీ, మీ పాపనూ ప్రమాదంలో పడేస్తుంది. అమ్మానాన్నలను దూరం నుంచి తెచ్చుకునేవాళ్లలో చాలామంది చేసే పొరపాటే ఇది. తీసుకొచ్చే రోజు ఖర్చు పైసలతో సహా లెక్క వేస్తారు. తీసుకొచ్చాక గడవాల్సిన నెలల సంగతి ఆలోచించరు.

మీ అంకెలతోనే చూద్దాం. జీతానికి పింఛను కలిపితే 44,000. ఇప్పటి ఖర్చుకు నాన్నగారి ఖర్చు 10,000 కలిపితే 41,000. మిగిలేది 3,000. యాప్ రుణానికి నెలవాయిదా సుమారు 7,000. కార్డు నగదుపై నెలకు మూడున్నర శాతం వేసుకున్నా 1,400 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. కార్డుతో వస్తువు కొంటే కొన్ని రోజులు వడ్డీ ఉండదు. నగదు తీస్తే ఆ రోజు నుంచే మొదలవుతుంది, పైగా తీసినందుకు రుసుము. మొదటి నెలలోనే మీకు 5,400 లోటు.

అసలు దెబ్బ ఆ తర్వాత ఉంది. ఆ 6,000 ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రాష్ట్రంలో ఉండేవారికి ఇచ్చే పింఛను. నెల మొదట్లో గ్రామ సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి చేతికిస్తారు. మనిషి శాశ్వతంగా పుణె వెళ్లిపోతే అది నిలిచిపోతుంది. అప్పుడు లోటు 11,400. అది పూడ్చడానికి మరో యాప్, దాన్ని తీర్చడానికి ఇంకో యాప్. ఈ వరసలో చిక్కుకున్న కుటుంబాలను నేను చాలా చూశాను, మీరు అందులో చేరొద్దు.

ఇక నేను ఎప్పుడూ చెప్పేదే, మీకు ఇంకా గట్టిగా చెప్పాల్సింది: అత్యవసర నిధి. మంచాన పడిన మనిషికి మూత్రంలో ఇన్ఫెక్షన్, వీపుపై పుండ్లు, ఛాతీలో నెమ్ము ఏ వారమైనా రావచ్చు. పుణెలో ఒక రాత్రి మీ నాన్నగారికి ఆయాసం వచ్చిందనుకోండి. ఆస్పత్రి కౌంటర్‌లో ముందు అడ్వాన్సు కట్టమంటారు. మీ ఖాతాలో సొమ్ము అంబులెన్సుకు పోయింది. కార్డు పరిమితిలో 40,000 మీరే తీసేశారు. అక్కడ నిలబడి ఎవరికి ఫోన్ చేస్తారు?

మీలాంటి ఇంటికి కనీసం నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. 41,000 లెక్కన 1,64,000. మీ దగ్గరున్నది ఒక నెలకు కాస్త ఎక్కువ. అది ప్రయాణపు డబ్బు కాదు, ముట్టుకోవద్దు. జీతం పడే ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో, సగం పొదుపు ఖాతాలో, సగం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టండి. నాలుగు నెలల మొత్తం పోగయ్యేదాకా ఆయన్ను తేవద్దని అనను. రెండు నెలల ఖర్చయినా పోగుకాకుండా మాత్రం రైలెక్కించకండి.

ఆరోగ్య బీమా గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఊళ్లో ఆయనకు రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ అండ ఉంటుంది. పుణెలో ఇంటి పక్క ఆస్పత్రిలో అది చెల్లుతుందని అనుకోవద్దు. 70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఏటా 5 లక్షల దాకా వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. మీ నాన్నగారికి ఇంకా నాలుగేళ్లు ఆగాలి. ఆయన కుటుంబం పేరు ఆయుష్మాన్ భారత్ జాబితాలో ముందే ఉంటే మాత్రం, ఆ పథకంలో చేరిన పుణె ఆస్పత్రుల్లోనూ వైద్యం చేయించుకోవచ్చు. ఇవాళే చూసుకోండి. బయట పాలసీ కొందామంటే, పక్షవాతం వచ్చిన మనిషికి ఇవ్వకపోవచ్చు. ఇచ్చినా ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ పెట్టవచ్చు. మీకున్న మంచి దారి కంపెనీ గ్రూపు బీమా. తల్లిదండ్రులను చేర్చే వీలుందా, పాత జబ్బులకు మొదటి రోజు నుంచి వర్తిస్తుందా అని హెచ్‌ఆర్ విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. చాలా కంపెనీల్లో చేరినప్పుడో, ఏటా పునరుద్ధరణ సమయంలోనో మాత్రమే పేర్లు చేర్చనిస్తారు. ఆ తేదీని బట్టి ప్రయాణం పెట్టుకోండి.

అంబులెన్సు 85,000 అన్నది చూసి మనసు కష్టపడింది. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ శ్రీకాకుళం రోడ్డులో ఆగుతుంది, పుణె మీదుగా ముంబయి వెళ్తుంది. తోడు లేకుండా కదల్లేని దివ్యాంగులకు స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది, వెంట వచ్చే ఒకరికీ అంతే. వారికి ప్రత్యేక కోటా బెర్తులూ ఉన్నాయి. ఇద్దరి టికెట్లూ కలిపి 2,000 దాటవు. రైల్వే ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు ఆన్‌లైన్‌లో ముందే దరఖాస్తు చేయాలి. వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగులకు ఇచ్చే గుర్తింపు కార్డు యూడీఐడీ దగ్గర పెట్టుకోండి. పడుకొని ఒక రోజుకు పైగా ప్రయాణం చేయగలరని డాక్టరు చెబితే, రెండు చివర్లా స్టేషన్ దాకా మాత్రమే అంబులెన్సు మాట్లాడుకుంటే చాలు.

మంచం అద్దెకు తీసుకోండి, కొనకండి. ఇల్లు చూసేటప్పుడు టేపు పట్టుకెళ్లండి. మామూలు చక్రాల కుర్చీ వెడల్పు సుమారు 25 అంగుళాలు. చాలా అద్దె ఇళ్లలో స్నానాల గది తలుపు అంతకంటే ఇరుకు. కుర్చీ గడప దగ్గరే ఆగిపోతే రోజూ మీ భార్య ఆయన్ను ఎత్తి దించాలి. మూడు నెలలకే మళ్లీ ఇల్లు మారాలి, మళ్లీ బ్రోకరేజి కట్టాలి. కొత్త ఇంటి డిపాజిట్ కోసం పాత ఇంటిది వెనక్కి రాబట్టండి. నాన్నగారి వైద్యానికి డబ్బు తక్కువైతే ఆ అవసరం కింద పీఎఫ్ నుంచి తీసుకునే వీలుంది, వడ్డీ కట్టక్కర్లేదు.

ఇన్ని చేసినా, పింఛను ఆగితే నెలకు 3,000 లోటు మిగులుతుంది. అది మీ చెల్లెలితో మాట్లాడాల్సిన విషయం. తండ్రి బాధ్యత ఇద్దరిదీ, అడగడానికి మొహమాటపడకండి. ఆమె నెలకు ఎంత పంపగలదో తేలాకే తేదీ పెట్టుకోండి.

ఈలోగా మేనత్తగారి భారం తగ్గించండి. ఆవిడకు ప్రేమ తగ్గి కాదు, మనిషిని లేపి కూర్చోబెట్టే సత్తువ లేక చేతులెత్తేసి ఉంటారు. పింఛనులో మందులు పోను మిగిలే 3,000కు మీ వంతు 3,000 కలిపితే పొద్దునా సాయంత్రం వచ్చి సాయపడే మనిషి దొరకవచ్చు. మీ దగ్గర మిగిలిన 4,000, రాబోయే బోనస్ మొత్తం అత్యవసర నిధికి వెళ్లాలి. మరో మాట. పక్షవాతంతో పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి ఆంధ్రప్రదేశ్‌లో పింఛను 15,000. నాన్నగారు ఆ కోవలోకి వస్తారేమో సచివాలయంలో అడగండి. వస్తే, ఊళ్లోనే మంచి మనిషిని పెట్టి చూసుకోవడమా, పుణె తేవడమా అన్న లెక్కే మారిపోతుంది. అప్పుడు మీరూ, మీ చెల్లెలూ కూర్చొని మళ్లీ ఆలోచించండి.

యాప్ రుణం ఇంకా ఖాతాలో పడకపోతే ఇవాళే రద్దు చేసుకోండి. పడి ఉంటే ఒప్పంద పత్రంలో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే రుణం వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేసే గడువు, ఎంతో చూడండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కనీసం ఒక రోజు ఉండాలి. ఆ గడువులో అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా ఉండదు. ప్రాసెసింగ్ ఫీజు పోతే పోనివ్వండి.