బర్రెలక్కకు అంత పేరొచ్చినా కొల్లాపూర్‌లో డిపాజిట్ ఎందుకు పోయింది?

ఆమెను ఇష్టపడినవాళ్లలో ఎక్కువమందికి కొల్లాపూర్‌లో ఓటు లేదు, అందుకే పోయింది. బర్రెలక్కగా పేరొందిన కర్నె శిరీష డిగ్రీ చదివినా ఉద్యోగం రాక బర్రెలు కాస్తున్నానని చెప్పిన వీడియోతో తెలంగాణ రాష్ట్రమంతా తెలిసింది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఈల గుర్తుపై ఇండిపెండెంట్‌గా నిలబడితే 5,754 ఓట్లు వచ్చాయి. కాంగ్రెస్ నుంచి జూపల్లి కృష్ణారావు గెలిచారు.

డిపాజిట్, అంటే పోటీకి దిగేటప్పుడు కట్టే డబ్బు, తిరిగి దక్కాలంటే పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. అక్కడ అది 30 వేల పైమాటే. కరీంనగర్‌లో కూర్చుని వీడియో చూసిన కుర్రాడు లైక్ కొట్టగలడు, విరాళం పంపగలడు, కానీ పెద్దకొత్తపల్లి బూత్‌లో ఓటు వేయలేడు. ఊరిలో ఓటు వేయించేది బూత్ ఏజెంట్లు, ఇంటింటికీ తిరిగే కార్యకర్తలు, ఏళ్ల తరబడి ఉన్న పరిచయాలు. పెద్ద పార్టీల దగ్గర ఇవన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. కొన్ని వారాల్లో ఒంటరిగా వాటిని కూడగట్టడం ఎవరికైనా కష్టమే. పార్టీ అండ, డబ్బు లేని నిరుద్యోగ యువతికి అన్ని వేల మంది ఓటేయడం నా దృష్టిలో చిన్న విషయం కాదు.

డిపాజిట్ పోతే మళ్లీ పోటీ చేయకూడదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. కట్టిన డబ్బు మాత్రమే తిరిగి రాదు, పోటీ చేసే హక్కు అలాగే ఉంటుంది. ఆమె 2024లో నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానానికి మళ్లీ నిలబడింది, అప్పుడు కూడా గెలవలేదు.